మే నెలలో టర్బో సెడాన్ మైలేజీ 14.5 నుంచి 10.5కు పడిపోయింది: తప్పు ఎండదా, ఇంజన్‌దా?

నక్కలగుట్ట_నివాసి
నా దగ్గర ఒక లీటరు ఇంజన్, మూడు సిలిండర్ల టర్బో (గాలిని అదిమి ఇంజన్‌లోకి పంపే పరికరం) పెట్రోల్ సెడాన్ ఉంది. మాన్యువల్ గేర్లు, రెండేళ్ల క్రితం కొన్నది, ఇప్పటికి 23 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మూడో జవాబుకల్లా చర్చ మైలేజీని వదిలి అభిమానుల తగాదాలోకి వెళ్లిపోతుంది.

జనవరిలో ఏసీ లేకుండా హన్మకొండ నుంచి కాజీపేటలోని ఆఫీసుకు తిరిగినప్పుడు లీటరుకు 14.5 కిలోమీటర్లు ఇచ్చిన బండి, ఈ మే రెండో వారంలో అదే దారిలో, నేను నడిపే తీరు ఏమీ మారకుండానే, 10.5కు పడిపోయింది. ఒక్కో వైపు 7 కిలోమీటర్లు, ఇరవై నిమిషాల ప్రయాణం. ఉప్పల్ వరకు హైవే మీద వెళ్తే చలికాలంలో 18 వచ్చేది, ఇప్పుడు 17 వస్తోంది. కంపెనీ ప్రకటించిన అంకె మాత్రం 19 పైనే. ఇంటికి వచ్చి ఇంజన్ ఆపిన తరువాత కూడా ముందున్న ఫ్యాన్ నాలుగైదు నిమిషాలు హోరుమని తిరుగుతోంది. సర్వీసు సెంటరుకు తీసుకువెళ్తే, ఎండాకాలంలో టర్బో బండ్లు ఇంతేనని చెప్పి పంపించారు. ఈ ఇంజన్లు మన ఎండలకు నిజంగానే సరిపడవా? దీనిని అమ్మేసి, టర్బో లేని 1.5 లీటర్ల కారు తీసుకోవడం మేలా?

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
వరంగల్‌లో ఉండి ఎండ గురించి ఫిర్యాదు చేయడం మాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది. ఒక్క మధ్యాహ్నం మా రామగుండంలో బండి ఆరుబయట నిలిపి చూడండి, ఆ తరువాత స్టీరింగ్ పట్టుకోవడానికి తువ్వాలు కావాలి.

సుబేదారి_లెక్కల_టీచర్
జవాబు చెప్పే ముందు ఒక ప్రశ్న. ఈ అంకెలు డిస్‌ప్లేలో చూసినవా, లేక ట్యాంకు నింపి, తిరిగి నింపి, లీటర్లతో భాగించి తీసినవా?

నక్కలగుట్ట_నివాసి
ట్యాంకు నింపి తీసినవే, మేడమ్. ఒకే బంకు, ఒకే పంపు, మొదటిసారి పైపు ఆగిన చోటే ఆపించాను. డిస్‌ప్లే 11.3 అని చూపుతోంది, అది ఎప్పుడూ కొంత ఉదారంగానే ఉంటుంది.

పాత_డీజిల్_మనిషి
ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇథనాల్ కలిపిన పెట్రోలు తాగించి, మైలేజీ ఏదీ అని వెతుకుతున్నారు. నా పాత డీజిల్ సెడాన్ నేటికీ ఎండలో, వానలో 20 తగ్గకుండా ఇస్తోంది.

సుబేదారి_లెక్కల_టీచర్
ఇథనాల్ వల్ల తగ్గుదల ఉన్న మాట నిజమే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తికి దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే కాబట్టి, 20 శాతం కలిపినప్పుడు లీటరుకు 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి 10 శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లలో 20 శాతం కలిపినది పోస్తే 6-7 శాతం నష్టం ఉంటుందనే అంచనా వేసింది. అయితే ఈయన బంకులో జనవరిలో పోసింది కూడా అదే పెట్రోలు. రెండు కాలాల్లోనూ ఉన్న కారణం, రెండు కాలాల మధ్య తేడాకు కారణం కాజాలదు.

ఇప్పుడు అసలు లెక్క. 7 కిలోమీటర్లకు జనవరిలో 0.48 లీటరు, మే నెలలో 0.67 లీటరు ఖర్చయింది. ఇరవై నిమిషాలకు 0.19 లీటరు అదనం అంటే గంటకు అర లీటరు దాటుతోంది. హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల లెక్కన చూస్తే, 18 ఇచ్చినప్పుడు గంటకు 4.4 లీటర్లు, 17 ఇచ్చినప్పుడు 4.7 లీటర్లు, అంటే అదనం పావు లీటరుకు అటూ ఇటూ. వేడి వల్ల ఇంజనే చెడి తాగుతూ ఉంటే, ఎక్కువ శ్రమ చేసే హైవే మీద నష్టం ఎక్కువగా కనిపించాలి. ఇక్కడ సరిగ్గా తలకిందులుగా ఉంది. నాకు కనిపిస్తున్న దోషి ఏసీ. అది కిలోమీటర్లను చూసి తాగదు, గంటలను చూసి తాగుతుంది. గంటకు ఇరవై కిలోమీటర్లు నడిచే ఊళ్లో ఆ అర లీటరు ఇరవై కిలోమీటర్ల మీదే పడుతుంది, హైవేలో ఎనభై మీద పంచుకుంటుంది.

రాజీవ్_రహదారి_రోజూ
మేడమ్ లెక్క బాగుంది గానీ, టర్బోను అంత తేలికగా నిర్దోషిగా వదిలేయడం నాకు నచ్చలేదు. నేను వారానికి మూడు సార్లు కరీంనగర్ నుంచి సిద్దిపేటకు ఇటువంటి బండిలోనే వెళ్తాను. ఉదయం ఆరు గంటలకు లారీని దాటడానికి యాక్సిలరేటర్ నొక్కితే వచ్చే ఊపు, మధ్యాహ్నం రెండు గంటలకు రాదు. అదే దూరానికి ఉదయం 17, మధ్యాహ్నం 15 రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

టర్బైన్_మాజీ
నేను ఉద్యోగ జీవితమంతా విద్యుత్ కేంద్రంలో టర్బైన్ల దగ్గర గడిపినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక లేనివారు దాటి వెళ్లవచ్చు.

గాలి వేడెక్కితే పలుచబడుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ ఆ మేరకు బలాన్ని పోగొట్టుకొని ఊరుకుంటుంది. టర్బో ఉన్నది మరికొంత వేగంగా తిరిగి ఆ లోటును పూడుస్తుంది, కానీ గాలిని అదిమే కొద్దీ అది ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడిని తగ్గించడానికే ఇంటర్‌కూలర్ ఉంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని 1.0 టీఎస్‌ఐ వంటి ఇంజన్లలో అది నీటితో చల్లబడే రకం, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే అమర్చి ఉంటుంది. అయినా బయటే 45 డిగ్రీలు ఉన్నప్పుడు దాని చేతిలో ఉన్నది కొంతే. సిలిండర్‌లోకి వేడి గాలి వెళ్తే ఇంధనం తనంతట తానే అంటుకొని ఇంజన్ కొట్టుకుంటుంది, దీన్నే నాక్ అంటారు. నాక్ సెన్సర్ అది పసిగట్టగానే కంప్యూటర్ స్పార్కును వెనక్కి జరుపుతుంది. స్పార్కు ఆలస్యమైతే అదే పెట్రోలుకు తక్కువ పని జరుగుతుంది. ఇంకా గట్టిగా తొక్కితే, టర్బోను, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాపాడుకోవడానికి అవసరానికి మించి ఇంధనం చల్లి లోపలి వేడిని తగ్గించుకునే ఏర్పాటు కూడా చాలా ఇంజన్లలో ఉంటుంది. రాజీవ్ రహదారి గారు చూసింది ఇదే. లారీలను దాటుతూ, ఊరూరా స్పీడు బ్రేకర్ల దగ్గర ఆగి మళ్లీ పరుగెత్తించేవారికి ఈ నష్టం నిజమైనదే.

ఇవన్నీ గట్టిగా తొక్కినప్పటి సంగతులు. హన్మకొండలో రెండో గేరులో నలభై దాటకుండా పోయే బండిలో టర్బో సగం నిద్రలోనే ఉంటుంది. పైగా 80-90 వేగంలో నిలకడగా పోతున్నప్పుడు పలుచని గాలి బండికి ఎదురు నిలిచే బలం కూడా తక్కువే కాబట్టి, ఎండ ఒక చేత్తో తీసుకున్నదానిలో కొంత మరో చేత్తో తిరిగి ఇస్తుంది. ఇంజన్ ఆపాక ఫ్యాన్ తిరగడం గురించి కంగారు పడవద్దు. వేడెక్కిన టర్బో చుట్టూ నీటిని తిప్పడానికి ఈ తరహా బండ్లలో పంపు, ఫ్యాన్ కొంతసేపు నడుస్తాయి.

పాత_డీజిల్_మనిషి
అంటే ఇంత చదువు చదివి తేలింది, డీజిల్ కొనుక్కోమనే కదా.

జమ్మికుంట_ఆడిటర్
ఎక్కడ కొనుక్కోమంటారు? మారుతి సియాజ్ డీజిల్ 2020లోనే ఆగిపోయింది. 2023లో హోండా సిటీ డీజిల్ ఆగింది, అదే ఏడు వచ్చిన కొత్త హ్యుందాయ్ వెర్నాలో డీజిల్ ఊసే లేదు. మీ బండిని మ్యూజియంలో పెట్టవలసిన రోజు దగ్గరలోనే ఉంది. దొరికినా, రోజుకు 14 కిలోమీటర్లు తిరిగే ఈయన చేతికి కొత్త డీజిల్ ఇస్తే, పొగలోని మసి పట్టే ఫిల్టరు శుభ్రపడేంత వేడి ఏనాడూ ఎక్కక, నెలకోసారి హెచ్చరిక దీపం వెలుగుతుంది.

అమ్మేయాలా అన్న ప్రశ్నకు నా పద్దు పుస్తకం చూపిస్తాను. నాదీ ఒక లీటరు టర్బో సెడాన్, ఆటోమేటిక్, 2022లో కొన్నాను. షోరూమ్ ధర 13 లక్షలు. అప్పట్లో తెలంగాణలో 10 నుంచి 20 లక్షల మధ్య ధర ఉన్న కారుకు జీవితకాల పన్ను 17 శాతం ఉండేది కాబట్టి పన్నే 2 లక్షల 21 వేలు అయింది. ఇన్సూరెన్సు, తదితరాలు కలిపి రోడ్డెక్కేసరికి 15.8 లక్షలు. నాలుగేళ్లలో 48 వేల కిలోమీటర్లు తిరిగాను. సగటు 13 వచ్చింది, లీటరు 107 రూపాయలుగా పట్టుకుంటే పెట్రోలుకు 3.95 లక్షలు. నాలుగు సర్వీసులకు 38 వేలు, ఒక సెట్టు టైర్లకు (నాలుగూ కలిపి) 30 వేలు, బ్యాటరీకి 7,500, తరువాతి మూడేళ్ల ఇన్సూరెన్సు లక్షా 5 వేలు. ఇటీవల ధర కట్టిస్తే 8.2 లక్షలు ఇస్తామన్నారు. అంటే కారు విలువలోనే 7.6 లక్షలు ఆవిరయ్యాయి. కిలోమీటరుకు మొత్తం దాదాపు 28 రూపాయలు, అందులో పెట్రోలు 8 రూపాయలు మాత్రమే.

మైలేజీ 13కు బదులు 15 వచ్చి ఉంటే నాలుగేళ్లలో నాకు 53 వేలు మిగిలేవి. బండి మార్చితే కొత్త బండి పన్ను ఒక్కటే దానికి నాలుగింతలు. మైలేజీ గురించి మనం ఇంత బాధపడటానికి కారణం, అది నెలకు నాలుగు సార్లు బంకు దగ్గర కళ్లకు కనిపించడమే. విలువ తరుగుదల అమ్మే రోజు వరకు కనిపించదు.

రాజీవ్_రహదారి_రోజూ
ఆడిటర్ గారు, మీ అమ్మకపు ధర మరీ తక్కువగా ఉంది కదా.

జమ్మికుంట_ఆడిటర్
2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లు దాటి 1,500 సీసీ లోపు ఉన్న ఈ సెడాన్ల మీద సెస్సుతో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40 అయింది. కొత్తది చౌకైతే పాతది ఇంకా చౌకవుతుంది. ఇంజన్ ఒక లీటరే అయినా, పొడవు నాలుగు మీటర్లు దాటింది కాబట్టి చిన్న కార్లకు ఇచ్చిన 18 శాతం వీటికి వర్తించదు. పొడుగ్గా పుట్టడమే వీటి నేరం.

మంచిర్యాల_హైబ్రిడ్
నేను హోండా సిటీ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు ఉన్న బండి) నడుపుతున్నాను. అందులో ఏసీ గ్యాసును అదిమే కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా చల్లదనం ఆగదు. ఈ మే నెలలో కూడా ఊళ్లో 20 తగ్గలేదు. టీచర్ గారు చెప్పిన ఏసీ సిద్ధాంతానికి ఇది రుజువుగా పనికివస్తుంది.

జమ్మికుంట_ఆడిటర్
కొనేటప్పుడు ఎంత ఎక్కువ కట్టారో కూడా రాస్తే రుజువు పూర్తవుతుంది.

మంచిర్యాల_హైబ్రిడ్
ఆ సంగతి మా ఇంట్లోనే ఇంకా చర్చలో ఉంది, ఇక్కడ వద్దు.

మేడారం_దారిలో
గేరుబాక్సుల మాట ఎవరూ ఎత్తలేదు. వేడిలో అది కూడా ఖర్చే. 2024 మేడారం జాతరకు పస్రా దాటాక మేము నాలుగు గంటలు నత్తనడకన వెళ్లాం. మా బంధువు కారుది పొడి క్లచ్ ఉన్న డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు, అంటే రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునేది. అడుగు కదలడం, ఆగడం, అడుగు కదలడం, ఆగడం. చివరికి గేరుబాక్సు వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వచ్చి, బండి పక్కన ఆపి ముప్పావుగంట కూర్చోవలసి వచ్చింది. అది ఫిబ్రవరి, ఎండలు ఇంకా ముదరనే లేదు. వెనుకే ఉన్న నా టార్క్ కన్వర్టర్ బండికి (క్లచ్‌కు బదులు నూనె ద్వారా బలాన్ని అందించే ఆటోమేటిక్) ఏమీ కాలేదు. లీటరుకు ఒక కిలోమీటరు తక్కువ ఇచ్చినా, రద్దీలో తిరిగేవారికి టార్క్ కన్వర్టరే నయమని నా అభిప్రాయం.

టర్బైన్_మాజీ
పొడి క్లచ్ బండిలో ముందు బండి ఒక్కొక్క అడుగూ కదిలినప్పుడల్లా వెంటపడకుండా, పది అడుగుల ఖాళీ వచ్చాక ఒకేసారి కదలడం మంచిది. క్లచ్ సగం పట్టుకొని జారే సమయమే దాన్ని కాలుస్తుంది.

ములుగు_రోడ్_మెకానిక్
ఇక్కడ చదివింది ఎక్కువ, బానెట్ ఎత్తి చూసింది తక్కువ. టీచర్ గారి లెక్కను నేను కాదనడం లేదు. కానీ నేను చూసే బండ్లలో, మే నెల అయినా సరే, ఏసీ ఒక్కదాని వల్ల 14.5 ఇచ్చేది 12.5కు వస్తుంది, మరీ అయితే 12కు. 10.5 అంటే ఇంకేదో ఉంది. టర్బైన్ మాజీ గారు ఫ్యాన్ మామూలే అన్నారు. ఒకటి రెండు నిమిషాలైతే నేనూ అదే అంటాను, రోజూ నాలుగైదు నిమిషాలంటే మాత్రం అనను.

నక్కలగుట్ట గారు, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. చలికాలంలో బండి ఎక్కువగా ఎక్కడ తిరిగింది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ గాలి వెచ్చబడి, కదిలాక మళ్లీ చల్లబడుతోందా? టైర్లలో గాలి ఎప్పుడు చూపించారు?

నక్కలగుట్ట_నివాసి
టైర్లు పోయిన వారమే చూపించాను, సరిగ్గా ఉన్నాయి. ఏసీ విషయంలో మీరు పక్కనే కూర్చొని చూసినట్లు చెప్పారు, కాజీపేట ఫ్లైఓవర్ ముందు ఆగిన ప్రతిసారీ గాలి వెచ్చబడుతుంది. ఇక తిరిగిన చోటంటే, నవంబరు నుంచి జనవరి దాకా వారానికి రెండు సార్లు నాన్నగారిని ఏనుమాముల మార్కెట్‌కు తీసుకువెళ్లాను. మా ఊరి నుంచి పత్తి ట్రాలీలో వచ్చేది, మేము దాని వెనుకే కారులో వచ్చేవాళ్లం.

ములుగు_రోడ్_మెకానిక్
ఇక చెప్పవలసిన పని లేదు. ముందు గ్రిల్ లోపలికి టార్చి వేసి చూడండి. రేడియేటర్‌కు ముందు ఏసీ వేడిని బయటకు వదిలే కండెన్సర్ ఉంటుంది, దాని సన్నని రేకుల మధ్య దూది, దుమ్ము కలిసి దుప్పటిలా పేరుకొని ఉంటుంది. ఏనుమాముల చుట్టుపక్కల తిరిగే బండ్లలో ప్రతి మార్చి, ఏప్రిల్ నెలల్లో నేను ఇదే తీస్తుంటాను. జనవరిలో మీరు ఏసీ వేయలేదు కాబట్టి తెలియలేదు. కండెన్సర్ వేడిని వదలలేకపోతే గ్యాసు పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ బలం లాక్కుంటుంది. లోపల చల్లబడితే కదా అది నెమ్మదించేది, చల్లబడదు కాబట్టి ఇరవై నిమిషాలూ పూర్తి బలంతోనే నడుస్తుంది. ఫ్యాన్ హోరు కూడా అందుకే. హైవేలో ఎదురుగాలి బలంగా దూసుకొస్తుంది కాబట్టి అక్కడ పెద్దగా తేడా కనిపించదు.

ఏనుమాముల_పత్తిబస్తా
మా మార్కెట్ మీద ఇప్పటివరకు తూకం గురించీ, తేమ శాతం గురించీ తప్ప మైలేజీ గురించి ఎవరూ నింద వేయలేదు. అయితే మాట నిజమే, మా ట్రాలీ ఆటో రేడియేటర్‌ను ఏడాదికి రెండు సార్లు కడిగిస్తాం.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
మా దగ్గర దూది బదులు బొగ్గు పొడి. ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువులో సగానికే నల్లబడుతుంది. టర్బో ఇంజన్‌కు ఊపిరి ఆడకపోతే సర్వీసు సెంటరు వారు ఏం చెబుతారో నాకు తెలుసు: ఎండాకాలం కదా అంటారు.

సుబేదారి_లెక్కల_టీచర్
మెకానిక్ గారి వాదన నా లెక్కలో ఉన్న ఖాళీని పూరిస్తోంది. అదనపు ఖర్చు ఏసీదేనని చెప్పాను గానీ, ఆ ఏసీ ఆరోగ్యంగా ఉందా అని అడగలేదు. ఒక సూచన: కండెన్సర్ కడిగించినప్పుడు మరే మార్పూ చేయకండి. పెట్రోలు రకం, టైర్ల గాలి, బయలుదేరే సమయం అన్నీ అలాగే ఉంచి రెండు ట్యాంకులు చూడండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనిదో తేలదు.

రాజీవ్_రహదారి_రోజూ
నీడన నిలపడం, కిటికీలు దించి మొదటి రెండు నిమిషాలు వేడిగాలి బయటకు పంపడం కూడా చేయవద్దంటారా?

సుబేదారి_లెక్కల_టీచర్
రెండు ట్యాంకులు అయ్యాక చేయమనండి. రోహిణి కార్తె ఎక్కడికీ పారిపోదు.

నక్కలగుట్ట_నివాసి
పదిహేను రోజుల తరువాత ఫలితం రాస్తున్నాను. ముందు బంపర్ విప్పించి చూస్తే, కింది సగం నిజంగానే దుప్పటి కప్పినట్లు ఉంది. బూడిద రంగు దూది, అందులో ఎండిన మిడతలు, ఒక బీడీ కాగితం. కడిగించడానికి, బంపర్ విప్పి బిగించడానికి కలిపి 900 రూపాయలు అయ్యాయి. అదే దారి, అదే సమయం, పగటి వేడి 44 డిగ్రీలు. మొదటి ట్యాంకు 12.2, రెండోది 12.4. సిగ్నల్ దగ్గర గాలి వెచ్చబడటం పోయింది, ఇంజన్ ఆపాక ఫ్యాన్ నిమిషంలోపే ఆగుతోంది. బండి అమ్మే ఆలోచన మానుకున్నాను, ఆడిటర్ గారి పద్దు చూశాక ఎలాగూ ధైర్యం చాలలేదు.

నాన్నగారికి చెబితే, పత్తి ట్రాలీలో వస్తే దూది కారులోకి ఎలా వచ్చిందని అడిగారు. ట్రాలీ వెనుకే పది గజాల దూరంలో నడిపించింది ఆయనే, బస్తాల మీద కన్ను వేసి ఉంచమని.

పాత_డీజిల్_మనిషి
నా బండికీ ఇది ఉంటుందా? పదేళ్లలో ఎన్నడూ చూడలేదు.

ములుగు_రోడ్_మెకానిక్
ఉంటుంది. పదేళ్లంటే పరుపే కుట్టవచ్చు. వాటర్ సర్వీసింగ్ వాళ్ల దగ్గర ఉండే ప్రెషర్ గన్‌తో మాత్రం కొట్టించకండి, రేకులు వంగి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. వీలైతే ఇంజన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపు నీటితో, ఇంజన్ పూర్తిగా చల్లారాక కడిగించండి.